రాతివేత – కూతవేటు

ఇంగ్లీషులో 'స్టోన్స్ త్రో' అని ఒక జాతీయం ఉన్నది. రాయి విసిరితే పడేటంత దూరం అని దాని మాటార్థం. బాగా దగ్గర అని వాడుకార్థం. దీనికి తెలుగేమిటని తరగతిలో అడిగితే విద్యార్థులు తడుముకోకుండా 'కూతవేటు దూరం' అంటారు. ఉపాధ్యాయులు సరేనంటారు. అనువాదకులు అలాగే రాస్తారు. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు వేయక తప్పదు. కాని విమర్శకుడు అక్కడితో తృప్తిపడటానికి వీల్లేదని నా అభిప్రాయం. ఈ రెండు మాటలూ చెప్పే దూరం ఇంచుమించు ఒకటే కావచ్చును; దూరాన్ని కొలిచే తీరు మాత్రం ఒకటి కాదు. ఆ తేడాను గమనించకపోవడం వల్ల మన వచనంలోకి ఒక అబద్ధం చాటుగా ప్రవేశిస్తున్నదని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ముందు రాయి సంగతి చూద్దాం. రాతితో దూరం కొలవడం ఇంగ్లీషువారు కనిపెట్టినది కాదు. లూకా సువార్త 22వ అధ్యాయంలో ఏసు ఒలీవల కొండమీద శిష్యులను విడిచి, రాయి విసిరినంత దూరం వెళ్ళి ప్రార్థన చేస్తాడు. ఆ కొలత గ్రీకు మూలంలోనే ఉన్నది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోనూ ఉన్నది. తెలుగు అనువాదకులు దానిని 'రాతివేత' అన్నారు గాని 'కూతవేటు' అనలేదు. వారు చేసినది సరైన పని. ఏమంటే, ఆ ఘట్టంలో ఆయన తిరిగి వచ్చేసరికి శిష్యులు నిద్రపోతూ ఉంటారు. మనిషి వేదనకూ మిత్రుల నిద్రకూ మధ్య ఉన్న దూరం అది. అక్కడ 'కూతవేటు' అని రాసి ఉంటే తెలుగు పాఠకుడు వెంటనే, 'అంత దగ్గర ఉండి ఎందుకు వినలేదు?' అని అడుగుతాడు. 'రాతివేత' అన్నప్పుడు ఆ ప్రశ్న పుట్టదు. రాతి కొలతకు కావలసినవి రెండే – ఒక చెయ్యి, ఒక రాయి. అవతల మనిషి ఉన్నా లేకపోయినా రాయి పడవలసిన చోట పడుతుంది.

కూత సంగతి అలా కాదు. 'వేటు' అన్నది 'వేయు' నుంచి వచ్చిన మాట. కనుక కూతవేటులోనూ విసరడం ఉన్నది. విసిరేది గొంతును. అయితే కూత ఎక్కడ పడిందో తెలియాలంటే అవతల ఒక చెవి ఉండాలి. విన్నవాడు 'ఓ' అని బదులు పలికితేనే కూతవేటు కొలత పూర్తి అవుతుంది. అంటే రాతివేత ఒక మనిషి కొలిచే దూరం. కూతవేటు ఇద్దరు మనుషులు కలిసి కొలిచే దూరం. ఈ వ్యాసానికి మూలమైన విషయం ఇదే.

ఈ కొలత పండితుల బుర్రలో పుట్టినది కాదు, పనిలో పుట్టినది. చిత్తూరు పల్లెల్లో కపిల తోలే మనిషికీ, పొలంలో మడవ తిప్పే మనిషికీ మధ్య కూత అందాలి. మంచె మీద కాపలా ఉన్నవాడు కేక వేస్తే పక్క చేని మంచె మీద ఉన్నవాడికి వినబడాలి, లేకపోతే పందులు పంట మేసి పోతాయి. గొర్రెల కాపరి గుట్ట దిగువన ఉన్న తోడుగాణ్ణి కూతతోనే పిలుస్తాడు. ఈ దూరానికి గజాల లెక్క కుదరదు. గాలివాలున ఒకటి, గాలికెదురుగా మరొకటి. పగలు కొంత, మాటు మణిగిన రాత్రి మరికొంత. దూరం రెట్టింపు అయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ సూత్రం తెలియని రైతుకూలీ ఆ వాస్తవాన్ని తన గొంతుతోనే తెలుసుకున్నాడు.

ఇది తెలుగువాడి సొంత ఆస్తి అని గర్వపడవలసిన పనీ లేదు. సంస్కృతంలో 'క్రోశము' అనే దూరమానం ఉన్నది. మన 'క్రోసు', 'కోసు' దాని రూపాలే. ఆ మాటకు ధాతువు 'క్రుశ్' – అరవడం, పిలవడం. 'ఆక్రోశం' పుట్టినదీ ఆ ధాతువు నుంచే. 'గోరుతము' అని మరొక కొలత ఉన్నది; ఆవు అంబా అంటే వినబడేటంత దూరమని అర్థం. తమిళంలో 'కూప్పిడు దూరం', కన్నడంలో 'కూగళతె' – రెండూ పిలుపు అందే దూరాలే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించిన కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. అక్కడ నిలబడి ఏ దిక్కుకు నడిచినా భాష మారవచ్చు గాని కొలత మారదు. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో చిత్తూరు జిల్లాను ఏర్పరచారు. 1960లో తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఈ సరిహద్దులన్నీ కాగితంమీద గీసినవి. కూతకు ఆ గీతలు తెలియవు.

ఇక్కడ ఒక తొందరపాటు నిర్ణయానికి అవకాశం ఉన్నది. 'చూశారా, వాళ్ళు రాళ్ళు విసిరే జాతి, మనం పలకరించే జాతి' అని మురిసిపోయేవారు ఉంటారు. జాతీయాలను బట్టి జాతి స్వభావం నిర్ణయించడం విమర్శ కాదు, ఆత్మస్తుతి. రాయి విసరడం మనకూ తెలుసు. చేలో పిట్టలను తోలే వడిసెల మన పల్లెల్లో ఇంటింటి పనిముట్టు. తమిళంలో పిలుపు దూరంతోపాటు రాతివేత దూరమూ ఉన్నది. 'దూరపు కేక' అనే అర్థంలో ఇంగ్లీషువారికి 'ఫార్ క్రై' అనే మాట ఉన్నది. కాలక్రమాన దానికి పొంతన లేనంత తేడా అనే అర్థం వచ్చింది. మనం నక్కకూ నాగలోకానికీ ముడిపెట్టి చెప్పేది అదే. అంటే గొంతుతో దూరం కొలవడం వాళ్ళకూ తెలుసు. మనం కూత అందే చోటును గుర్తు పెట్టుకున్నాం, వాళ్ళు అందని చోటును గుర్తు పెట్టుకున్నారు.

అదీగాక, మన భాషలోనే 'ఆమడ' అనే మరొక కొలత ఉన్నది. ఆమడ అంటే 8 మైళ్ళని కొందరు, 10 మైళ్ళని కొందరు లెక్క చెప్పారు. ఆ ఆమడ ప్రయాణంలో ఎప్పుడో పోయింది. 'వాణ్ణి ఆమడ దూరంలో పెట్టు' అన్న మాటలో మాత్రం నిలిచిపోయింది. ఎవరిని పెట్టేది? రాయలసీమలో ఏ పల్లెకైనా వెళ్ళి చూడండి. ఊరికీ వాడకూ మధ్య నేలమీద ఉన్నది కూతవేటు దూరమే. చాలా చోట్ల అంత కూడా ఉండదు. కాని తరతరాలుగా ఊరు ఆ వాడను ఆమడ దూరంలో పెట్టింది. ఒకే నేలకు ఒకే భాషలో రెండు కొలతలు! ఇంకొంచెం నిదానించి చూస్తే కూతవేటు కూడా ఇరువైపులా సమానంగా లేదని తెలుస్తుంది. ఊళ్ళో పెద్దరైతు అరుగుమీద నిలబడి కేక వేస్తే వాడలోని వెట్టివాడు పరుగెత్తుకు రావలసిందే. వాడలో పురిటినొప్పుల కేకకు, ఆకలి కేకకు ఊరు కదిలివచ్చిన సందర్భాలు ఎన్ని? ఊరి కూత వాడకు అందుతుంది. వాడ కూత ఊరికి అందదు. గాలివాలు వల్ల కాదు, అధికారం వల్ల. కూతవేటు అనే మాటను గజాలలోకి మార్చే నిఘంటువుకు ఈ సంగతి తెలియదు. సాహిత్యానికి తెలిసి తీరాలి.

తిరుపతి పట్టణంలో ఈ విషయాన్ని ప్రత్యక్షంగా పరిశీలించవచ్చును. అలిపిరి నుంచి తిరుమలకు మెట్ల దారిలో 3,550 మెట్లున్నాయి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వచ్చాయి. రోడ్డు లేని రోజులలో కలిగినవారు డోలీలో కూర్చుని కొండ ఎక్కేవారు. డోలీలో ఉన్నవాడికి ఆ దూరం ఒక కునుకు. బోయీకి అదే దూరం భుజంమీద కాయ. కొండ ఎత్తు ఇద్దరికీ ఒకటే. మోకాళ్ళ పర్వతం అన్న పేరు పెట్టినది మోకాళ్ళతో ఎక్కినవారే గాని మోయించుకున్నవారు కాదు. ఇక 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఆ రాష్ట్రంలోని అత్యధిక భాగం ఆలయాలలో దళితులకు ప్రవేశం లేదు. బయట నిలబడి దండం పెట్టేవాడికి లోపలి గంట వినబడుతుంది. రాతివేత ప్రకారం అతను గుడికి చాలా దగ్గర. కూతవేటు ప్రకారం? గంట అతనికి వినబడింది. అతని మాట లోపలికి చేరలేదు.

కూత అందకపోవడం బతికి ఉన్నవారి విషయంలోనే జరుగుతుందనుకోకూడదు. తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రపరచారు. ఆ అర హుండీకి ఎదురుగానే ఉన్నది. 1920ల దాకా అవి లోకానికి రాలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు శ్రమపడి చదివి, పరిష్కరించి, ప్రకటించిన తరువాతనే ఆ పాట జనానికి తిరిగి దక్కింది. శతాబ్దాల పాటు లక్షలాది యాత్రికులు ఆ అర ముందు నుంచే నడిచారు. అడుగుల లెక్కన అంత దగ్గర. వినికిడి లెక్కన నాలుగు వందల ఏళ్ళ దూరం. పాట ఉన్నంత మాత్రాన కూతవేటు ఏర్పడదు, చెవి ఒగ్గినవాడు రావాలి. ఆ పండితులు దగ్గరితనాన్ని సృష్టించారు. అంతకు ముందు అక్కడ ఉన్నది సామీప్యం మాత్రమే.

ఇప్పుడు మరింత కష్టమైన ఉదాహరణకు వస్తాను. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవిలో రెండు చోట్ల ఎర్రచందనం అక్రమ రవాణా నిరోధక దళం జరిపిన కాల్పులలో 20 మంది చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వచ్చినవారు. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల పేదలు వారిలో పలువురు. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం చుట్టుపక్కల కొండలలోనే. దాని లాభం దూరదేశాల దాకా పోతుంది. గొడ్డలి పట్టినవాడికి మిగిలేది కూలి. వారు రాళ్ళూ గొడ్డళ్ళూ విసిరారనీ, ఆత్మరక్షణకోసం కాల్చవలసి వచ్చిందనీ పోలీసులు చెప్పారు. ముందుగానే పట్టుకుని తెచ్చి చంపారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. జాతీయ మానవహక్కుల కమిషన్ విషయాన్ని విచారణకు తీసుకున్నది. న్యాయనిర్ణయం సాహిత్య విమర్శకుని పని కాదు. మాట సంగతి మాత్రం అతను అడగవచ్చు.

పోలీసుల కథనాన్నే తీసుకుందాం. రాయి విసిరితే తగిలే దూరంలో ఉన్నవాడు పిలిస్తే వినబడే దూరంలో కూడా ఉంటాడు. రాతివేత ఎక్కడ ఉన్నదో కూతవేటూ అక్కడే ఉన్నది. ఆ కూత సంగతి మన కథనాలలో ఎక్కడ? వారు ఏమని అరిచారు? ఎవరైనా విన్నారా? విన్నవారికి అర్థమయిందా? భాష రాదనడానికి ఇది ఉత్తరాంధ్ర కాదు. చిత్తూరు సీమలో తమిళం చెవిన పడని మనిషి అరుదు. పైగా చనిపోయినవారి భాషలోనూ దగ్గరి దూరానికి పేరు పిలుపు దూరమే. ఇటువంటి సంఘటనను 'తిరుపతికి కూతవేటు దూరంలో' అని రాయడానికి నా కలం ఒప్పుకోదు. తిరుపతికి ఆ కూత వినబడలేదు. ఇన్ని కిలోమీటర్లు అని రాయండి, అభ్యంతరం లేదు. కిలోమీటరుకు మనస్సాక్షి లేదు గనుక అది అబద్ధమాడదు.

'జాతీయాలు వాడగా వాడగా అరిగిపోతాయి; కూతవేటు అన్నప్పుడు కూతను ఎవరూ తలచుకోరు; మీరు చచ్చిన ఉపమానాన్ని లేపి కూర్చోబెడుతున్నారు' అని కొందరు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణలో కొంత నిజం ఉన్నది. అలిపిరికి కూతవేటు దూరంలో ఇళ్ళస్థలాలు అని బోర్డు పెట్టినవాడు ఏ కూతనూ తలచుకోడు. అతనికి కావలసినది కొనేవాడి తొందర. బస్సు స్టాండుకూ, ఆసుపత్రికీ, కాలేజీకీ అన్నిటికీ ఆ స్థలం కూతవేటే. వెళ్ళి చూస్తే రెండు ఆటోలు మారాలి. పనిలో పుట్టిన మాటను సరకు చేసి అమ్ముతున్న తీరు ఇది. వ్యాపారి భాషను అరగదీస్తాడు, అది అతని వృత్తి. రచయిత కూడా అరిగిన నాణెమే చెలామణి చేస్తే ఇద్దరికీ తేడా ఏమున్నది?

మన విమర్శకులూ ఇందుకు మినహాయింపు కారు. దశాబ్దానికి పది పుస్తకాలను 'మైలురాయి' అంటున్నాం. 1956 చట్టంతో దశాంశ మానం వచ్చి, క్రమంగా రోడ్ల మీద మైళ్ళు పోయాయి. మైలురాయి సమీక్షలలో మిగిలింది. ఇంగ్లీషు నుంచి అప్పు తెచ్చుకున్న ఈ రాయి కూడా ఒంటరి రాయే. ప్రయాణం ఎంత అయిందో చెబుతుంది గాని, ఎవరు ఎవరిని చేరారో చెప్పదు. ఒక పుస్తకం సాహిత్య చరిత్రలో ఎన్నో మైలు దగ్గర ఉన్నదని కాక, అది ఏ మనుషులకు కూతవేటు దూరంలో ఉన్నదని అడగడం మేలు. రచయిత ఎవరి గొంతు విన్నాడు? తాను రాసినది వారికి వినబడుతుందా?

ఈ కొలతతో మా ప్రాంతపు కథను చూస్తే కొన్ని విషయాలు స్పష్టపడతాయి. ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ దామలచెరువులో ఉండి కథలు రాసిన మధురాంతకం రాజారాం (1930–1999) పల్లెకు కూతవేటులో నిలబడి రాసినవాడు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని కాదు ఆయన గొప్ప. పల్లె మనిషి మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగి వినగల ఓర్పు ఆ కథలలో ఉన్నది. అయితే ఆయన కథనం శిష్టభాషలో సాగుతుంది. పల్లె గొంతు ఉపాధ్యాయుని గొంతు ద్వారా మనకు చేరుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు'లో ఆ మధ్యవర్తిని కూడా తీసివేశాడు. కథ చెప్పే గొంతే పల్లె గొంతు. ఒకరిది చెవి బలం, ఇంకొకరిది గొంతు బలం. ఈ ఇద్దరినీ 'మాండలికం' అనే ఒక్క పెట్టెలో వేసి మూత పెట్టడం సోమరి విమర్శ. అదే సమయంలో మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఊరి గొంతు ఇంత స్పష్టంగా వినబడే సాహిత్యంలో వాడ గొంతు ఏ మేరకు వినబడింది? దాన్ని వాడలో పుట్టిన రచయితలే వినిపించవలసి వచ్చింది. అది మన వినికిడి మీద వచ్చిన తీర్పు.

అభ్యుదయ సాహిత్యోద్యమం ఈ తీర్పుకు అతీతం కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిననాటి నుంచీ ప్రజల పక్షాన కేక వేశాం. ఆ కేకలో నిజాయితీ ఉన్నది, ధైర్యం ఉన్నది. కాని కేక వేయడం కూతవేటులో సగం పని. వేదిక మీద నుంచి మన గొంతు ఎంత దూరం పోయిందన్నది ఎప్పుడూ లెక్క వేసుకున్నాం. ఎదుటివాడి గొంతు మనదాకా వచ్చిందా అన్నది తక్కువగా వేసుకున్నాం. బదులు వినకుండా వేసే కేక ఎంత పెద్దదైనా, కొలతలో అది రాతివేతే అవుతుంది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఇది. 'స్టోన్స్ త్రో'కు 'కూతవేటు' అని జవాబు రాసిన విద్యార్థికి మార్కులు ఇవ్వండి. ఆ తరువాత, 'ఎవరి కూత? ఎవరికి వినబడింది?' అని ఒక ప్రశ్న అదనంగా అడగండి. అనువాదకులు రాయి ఉన్నచోట రాయినే ఉంచవచ్చు. 'రాతివేత' మనకు కొత్త మాట కాదు. రచయితలు 'కూతవేటు' అని రాయబోయే ముందు, ఆ రెండు చోట్ల మధ్య నిజంగా పిలుపు నడిచిందో లేదో చూసుకోవాలి. నడిస్తే ఆ మాట వాడండి. నడవకపోతే గజాలలో చెప్పి ఊరుకోండి. లేదా ఎందుకు నడవలేదో రాయండి. ఆ రెండవది కష్టమైన పని. మన కథకూ, కవిత్వానికీ, విమర్శకూ మిగిలి ఉన్న పని ఎక్కువగా అదే.